సార్ పిలుస్తాండాడు

పోయిన వారం మా పాప బడి నుంచి ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. వచ్చే ఏడాది నుంచి ఎండాకాలం సెలవులు తగ్గించి, బడి ముందుగానే తెరుస్తారట. తగ్గించిన సెలవులను ఏడాది పొడవునా అక్కడక్కడ సర్దుతారట. తల్లిదండ్రులు తమ అభిప్రాయం గ్రూపులో తెలపాలని కింద రాశారు. నేను చదవడం పూర్తి చేసేలోపే బొటనవేలి బొమ్మలు వరసగా పడిపోయాయి.

నాకు మాత్రం వేలు కదల్లేదు. నంద్యాల ఎండ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. పాప రెండో తరగతి. ఎండ తగిలితే ముక్కులోంచి రక్తం వస్తుంది. దాహం వేసినా టీచరుతో చెప్పదు. నీళ్ళ సీసా నిండుగా పోతుంది, నిండుగానే తిరిగి వస్తుంది. 'ఎండకు పిల్లలు ఇబ్బంది పడతారేమో' అని టైపు చేశాను. చెరిపేశాను. ఎవరికీ లేని బాధ నీకొక్కదానికేనా అంటారేమో అనిపించింది. మా ఆయన అయితే అనేశాడు కూడా. "గమ్ముగుండు మే, వాళ్ళకు తెలీదా ఏంది?"

అప్పుడు గుర్తొచ్చింది ఆమె. గుర్తొచ్చింది అనడం కంటే వినిపించింది అనాలి. పత్తి చేని గట్టు మీద నిలబడి, రెండు అరచేతులూ నోటి దగ్గర పెట్టుకుని, చేను ఆ చివరి దాకా వినబడేట్టు అరిచే గొంతు.

"మేయ్! సార్ పిలుస్తాండాడు!"

ఆమె పేరు రాయను. ఎక్కడో తన ఇంట్లో, తన పనుల్లో ఉండే ఉంటుంది. అడగకుండా పేరు రాస్తే ఊరుకునే మనిషి కాదు. బడిలో కూడా మేమెవరమూ ఆమెను పేరుతో పిలవలేదు. అందరికీ లీడరే. ఆ పదవికి ఎన్నిక జరిగినట్టు గాని, ఎవరైనా ఇచ్చినట్టు గాని నాకు గుర్తులేదు.

మా ఊరు శిరివెళ్లకూ ఆళ్లగడ్డకూ మధ్య. ఊర్లో మా నాయనకు కిరాణా అంగడి ఉండేది. ఊరి చివర హైస్కూలు, దాన్ని దాటితే ఎటు చూసినా నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే చెప్పులు మింగేసే నేల. దసరా దాటాక చేన్లు తెల్లబడేవి, మా క్లాసులు ఖాళీ అయ్యేవి. పత్తి పగిలిందంటే ఇంట్లో చేతులున్న ప్రతి మనిషీ చేలో ఉండాల్సిందే. ఆడపిల్లలైతే మరీను. పత్తి తీసేకి సన్నని వేళ్ళు కావాలనేవాళ్ళు.

ఆమె ఎనిమిదో తరగతిలో మా బడికి వచ్చింది. వాళ్ళ నాయన పరుపులు, దిండ్లు కుట్టేవాడు. "మా అమ్మ పత్తి తీస్తాది, మా నాయన పరుపులు కుడతాడు, మేము చాప మీద పండుకుంటాం" అని నవ్వుతూ చెప్పేది. ఎవరైనా జాలిగా మొహం పెడితే ఒప్పుకునేది కాదు. "ఏందీ, మీకు చాప మీద నిద్ర పట్టదా?" అని ఎదురడిగేది.

ఒక జడకు ఎర్ర రిబ్బను, ఇంకో జడకు నల్ల రిబ్బను కట్టేది. ప్రార్థన దగ్గర డ్రిల్లు సారు ఒకసారి ఆపాడు. "ఏందమ్మా ఈ వేషం?"

"ఎర్రది మా అమ్మ కొనిచ్చింది సార్. నల్లది మా అక్క ఇడిచిపెట్టి పోయింది. నాకు రెండూ కావాల."

డ్రిల్లు సారు పక్క వరసకు పోయాడు. ఆ ఏడాదంతా ఆమె అట్లాగే వచ్చింది, ఆ తర్వాత కూడా.

ఆమె వేళ్ళ చివర్లు ఎప్పుడూ గీరుకుపోయి ఉండేవి. ఎండిన పత్తికాయ పెంకుల మొనలు సూదుల్లా ఉంటాయి. పాఠం వింటూ, ఆ వేళ్ళను తన జడకున్న నూనెలో మెల్లగా రుద్దుకునేది. బెంచీ మీద సరిగ్గా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అంచున కూర్చుని, ఒక కాలు బయటికి పెట్టి ఉంచేది, ఇంకొక నిమిషంలో లేచి పోవాల్సిన పని ఏదో ఉన్నట్టు. క్లాసులోకి రాగానే మాకు మేము కనబడేవాళ్ళం. ఆమెకు ఖాళీలు కనబడేవి. ఏ మూల ఎవరు లేరో చూసుకుని, మొదటి పీరియడు అయ్యేదాకా కాలు ఆడిస్తూ కూర్చుని, గంట కొట్టగానే లేచేది.

రానివాళ్ళను పిలుచుకొచ్చే పని మా బడిలో క్లాసు లీడరుది. మామూలుగా లీడర్లు ఇంటి గడప దాకా పోయి, తలుపు వేసి ఉంటే తిరిగి వచ్చేస్తారు. ఆమె తలుపు దగ్గర ఆగేది కాదు. చేన్లకు పోయేది. తోడుకు నన్ను తీసుకుపోయేది.

"నేనెందుకు మే?" అని అడిగాను మొదటిసారి.

"నిన్ను చూస్తే ఎవరూ తిట్టరు. సాయంత్రం ఉప్పుకో పప్పుకో మీ అంగడికే రావాల కదా."

ఆ రోజు మేము పోయిన చేలో చాలామంది ఆడవాళ్ళు వరసల్లో వంగి ఉన్నారు. పత్తి వేసుకునే ఒడి నడుముకు కట్టుకున్న మా క్లాసు పిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు. ఆమె గట్టెక్కి అరిచింది. "మేయ్! సార్ పిలుస్తాండాడు!"

"వచ్చెనమ్మా కలెక్టరమ్మ" అంది ఒక పెద్దామె, తల ఎత్తకుండానే. అందరూ నవ్వారు. చేనాయన గట్టు దాకా వచ్చాడు. మనిషి మంచివాడే గాని, మబ్బు చూసి బెదిరి ఉన్నాడు.

"ఏం పాపా, నీ బడి యాడికన్నా పారిపోతాందా? వాన పడి పత్తి తడిస్తే నువ్వొచ్చి ఆరబెడతావా?"

"ఆరబెడతాం లే అప్పా. ఆదివారం మేమందరం వస్తాం, బేగా తీసేస్తాం. ఇప్పుడైతే సార్ పిలుస్తాండాడు."

సార్ అంటే మా హెడ్మాస్టరు. ఆ మాట వినగానే చేనాయన వెనక్కి తగ్గాడు. హెడ్మాస్టరు పిలిస్తే పంపకుండా ఎట్లా ఉంటాడు? పిల్లలు ఒడులు విప్పి తల్లుల చేతికిచ్చి గట్టెక్కారు. దారంతా ఆమె ముందు, మేము వెనక.

బడి గేటు దగ్గరికి వచ్చాక హెడ్మాస్టరు గది కిటికీ కనిపించింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, దినపత్రిక గుండెల మీద పెట్టుకుని, హాయిగా కునుకు తీస్తున్నాడు.

"నిజంగా సార్ పిలిచినాడా?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. నేను అడగకూడనిది అడిగినట్టు కాదు, అసలు సంగతి నాకు అర్థం కానట్టు.

"పిలవాల కదా!" అంది.

ఆదివారం నిజంగానే అందరినీ వెంటబెట్టుకుని ఆ చేనుకు పోయింది. నన్ను కూడా. నేను కాయతో పాటు కొమ్మ కూడా విరిచేస్తుంటే, వెనక నుంచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, వేళ్ళు ఎట్లా దూర్చాలో, ఎట్లా ఒక్క లాగుతో నాలుగు పాయలూ రావాలో చూపించింది. "అంగడోళ్ళ చేతులు" అని నవ్వింది. చేనాయన ఆ తర్వాత ఆమెను చూస్తే తానే ముందు కేకేసేవాడు. "పోండి మే, మీ సార్ పిలుస్తాండాడంట!"

మా హెడ్మాస్టరు నంద్యాల నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. భారీ మనిషి. ఒక చేతిలో క్యారియరు, ఇంకో చేతిలో గొడుగు, ఏ కాలమైనా సరే. ఎవరినీ కొట్టేవాడు కాదు, ఎవరి మీదా అరిచేవాడు కాదు. కుర్చీలోంచి లేవడం ఆయనకు కష్టం. మేము తొమ్మిదిలో ఉన్నప్పుడు, దసరాకు కాస్త ముందు, ఆయనకు ఒక మంచి ఆలోచన వచ్చింది. నిజంగా మంచి మనసుతో వచ్చిన ఆలోచన అది. పత్తికాలంలో సగం బడి ఎట్లాగూ రావడం లేదు. దసరా సెలవులు తగ్గించి, కొన్ని ఆదివారాలు బడి నడిపి, ఆ సెలవులన్నీ కలిపి పత్తి తీసే రోజుల్లో ఇస్తే పిల్లలకు పాఠాలు పోవు, ఇంట్లోవాళ్ళకు పనీ ఆగదు. పేరెంట్స్ కమిటీ సరేనంది. పై ఆఫీసుకు రాసి అనుమతి తీసుకోవడమే మిగిలింది.

ఆయన మాత్రం ఇంకొకటి చేశాడు. అప్పటి దాకా ఏ బడిలోనూ నేను విననిది. పొద్దున ప్రార్థన అయ్యాక మమ్మల్ని కూర్చోబెట్టి అంతా వివరించి, "చదివేది మీరు. మీ మాట వినకుండా పైకి రాయను. చెప్పండి" అన్నాడు.

ఒక్కసారిగా సంత మొదలైంది.

"దసరా సెలవులు తీసేస్తే మా మ్యాచీలు ఎట్ల సార్?"

"ఆదివారం బడంటే మా నాయన ఒప్పుకోడు సార్, గొర్లకాడికి నేనే పోవాల."

"రంజాన్‌కు ఒంటిపూట పెట్టండి సార్, మధ్యాహ్నానికి కండ్లు తిరుగుతాయి."

"ఇంగ్లీషు పీరియడుకు సెలవియ్యండి సార్" అన్నాడు వెనకాల నుంచి ఎవడో. ఇంగ్లీషు సారు కూడా నవ్వాడు.

చివరికి హెడ్మాస్టరు, "పత్తి సెలవులు కావాల్సినోళ్ళు చేతులెత్తండి" అన్నాడు. చాలా చేతులు లేచాయి. నాదీ లేచింది. ఏ సెలవులైనా డోన్‌లో మా పెద్దమ్మ ఇంటికి పోయి రైళ్ళు చూడొచ్చని నా ఆశ. ఆడపిల్లల వరసలో ముందున్న ఆమె చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంది.

ఆయన అది చూశాడు. "ఏమ్మా లీడరూ, మీలాంటోళ్ళ కోసమే కదా ఇదంతా. నీకెందుకు వద్దు?"

ఆమె లేచి నిలబడింది. అరవలేదు. గట్టు మీద ఉండే గొంతు కాదది.

"సెలవులిస్తే మేము తిరిగి రాము సార్."

"అదేందమ్మా? సెలవులు అయిపోతే బడి తెరుస్తాం కదా."

"మీరు తెరుస్తారు సార్. మేము ఉండం." ఆమె వేళ్ళు జడ చివర పట్టుకున్నాయి. "ఇప్పుడు బడి ఉంది కాబట్టి మా అమ్మ ఒక దినం చేనికి రమ్మంటాది, ఒక దినం పోనిస్తాది. అన్ని దినాలూ సెలవని తెలిస్తే కూలోళ్ళ మేస్త్రీ వస్తాడు. ఆత్మకూరు పక్క చేన్లకు గుంపు కడతాడు. ఆడనే గుడిసెలేసుకుని ఉండాల. మా అక్కను ఎండాకాలం సెలవులకని అట్లనే పంపిచ్చినారు."

"తర్వాత?"

"తర్వాత ఏముంది సార్. మిరప అన్నారు. మిరప అయినాక పత్తి అన్నారు. పత్తి అయినాక పెండ్లి అన్నారు."

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగడం చూశాను. ఎవరూ దించమనలేదు.

ఆమె కూర్చోబోయి, మళ్ళీ ఆగింది. "ఇంకొకటి సార్. బడి మూసేస్తే, సార్ పిలుస్తాండాడని నేను గట్టు మీద ఎట్ల చెప్పాల?"

హెడ్మాస్టరు గొడుగును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నేనా? నేనెప్పుడు పిలిచినా?"

డ్రిల్లు సారు ముందు నవ్వాడు. తర్వాత బడంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు, తల దించుకోలేదు, తప్పు చేసినదానిలా ఒక్క క్షణం కూడా నిలబడలేదు. ఆయన వైపే చూస్తూ ఉంది, జవాబు ఆయన దగ్గర నుంచే రావాలన్నట్టు. ఆయన గొడుగు చంకలో పెట్టుకుని, "క్లాసులకు పోండి" అన్నాడు.

పత్తి సెలవుల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. దసరా దసరాలాగే వచ్చింది, పోయింది.

నేను ఇంటర్, డిగ్రీ నంద్యాలలో చదివాను. పెద్ద పెద్ద ఉపన్యాసాలు విన్నాను. సెలవు అనే మాటలో ఒక పిల్ల కోసం ఏముందో, ఇంకో పిల్ల కోసం ఏముందో అంత తేటగా విప్పి చూపించినవాళ్ళు మళ్ళీ నాకు తగల్లేదు. అదీ ఆ వయసులో, అంతమంది ముందు, తన మంచి కోరిన పెద్దాయనకు ఎదురు నిలబడి.

ఆ పత్తికాలం సగంలో ఆమె బెంచీ అంచు ఖాళీ అయింది. ఒకరోజు కాదు, వరసగా. కబురు మా అంగడికే వచ్చింది. సెలవులు లేకపోయినా మేస్త్రీ గుంపు కడుతున్నాడు. వాళ్ళ అమ్మ, ఆమె, ఇద్దరూ ఆ గుంపులో ఉన్నారు. ఊరి చేన్లలో పని కాగానే ఆత్మకూరు పక్కకు బయలుదేరుతారు.

క్లాసులో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పిలుచుకొచ్చే మనిషే రాకపోతే ఎవరు పోవాలి? కొంతమంది ఆడపిల్లలం కలిసి హెడ్మాస్టరు గదికి పోయాం. నేనే అడిగాను, నా గొంతు నాకే వినబడనంత మెల్లగా. "సార్, లీడరును ఎవరు పిలవాల?"

ఆయన దినపత్రిక మడిచి పక్కన పెట్టాడు. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. గొడుగు తీసుకున్నాడు. "చేను యాడుందో చూపీండి" అన్నాడు.

ముందురోజు ముసురు పట్టింది. చేను కేసీ కాలువ అవతల. ఆయన బూట్లకు రేగడి ముద్దలు ముద్దలుగా పట్టుకుంది. అడుగు తీసి అడుగు వేయడానికి గొడుగును కర్రలా పొడుచుకుంటూ నడిచాడు. ఒకచోట బూటు మట్టిలోనే ఉండిపోయింది, కాలు బయటికొచ్చింది. మేము లాగి ఇచ్చాం. అంత బరువు మనిషి, ఒక్కసారి కూడా వెనక్కి పోదాం అనలేదు.

గట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఆయాసం. మాట రావడం లేదు. దూరంగా ఎర్ర రిబ్బను, నల్ల రిబ్బను కనబడ్డాయి. మేమే చేతులు నోటి దగ్గర పెట్టుకుని అరిచాం.

"మేయ్ లీడరూ! సార్ పిలుస్తాండాడు!"

ఆమె తిరగలేదు. వంగిన నడుము వంగినట్టే ఉంది. నవ్వు మాత్రం వినబడింది.

"ఎవరికి చెప్తాండారు మే? నా మాట నాకేనా?"

పక్కనున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. ఆమె చేతులు కాయల మీద అట్లాగే కదులుతున్నాయి. ఊరంతా నమ్మిన ఆ మాటను నమ్మనిది ఆమె ఒక్కతే. దాన్ని పుట్టించింది ఆమే కదా.

"నేనేనమ్మా" అన్నాడు ఆయన. గొంతు సరిగా లేవలేదు. గొడుగు మట్టిలో గుచ్చి, మళ్ళీ అన్నాడు. "నేనే పిలుస్తాండా."

ఆమె చేతులు ఆగాయి. మెల్లగా నిలబడి తిరిగింది. రెండు గుప్పిళ్ళ నిండా పత్తి. గుప్పిళ్ళు విప్పకుండా అట్లాగే నిలబడింది. మోకాళ్ళ దాకా మట్టితో, ఒక బూటు లేసు ఊడి, గట్టు మీద నిలబడి ఉన్న ఆ మనిషిని చూస్తూ.

చేలో అందరూ నిలబడ్డారు. వాళ్ళ అమ్మ వరస దాటి వచ్చింది. కూతురి గుప్పిళ్ళు తానే విప్పి పత్తి తన ఒడిలో వేసుకుంది. తర్వాత కూతురి నడుముకున్న ముడి విప్పసాగింది. తడికి ముడి బిగిసింది, పళ్ళతో లాగింది.

"అమ్మా, మరి ఆత్మకూరు?" అంది ఆమె.

"నేను పోతా లే. సార్ ఇంత దూరం నడిచొచ్చినాడు. పో."

ఎవరూ ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. ఆమె గట్టెక్కింది, అంతే.

తిరిగి వచ్చేటప్పుడు సన్నగా చినుకులు. ఆయన గొడుగు విప్పితే ఆమె అందుకుని ఆయనకే పట్టింది. మేము వెనక నడుస్తూ వింటున్నాం.

"నా పేరు చెప్పి ఎప్పటి నుంచి పిలుస్తాండావమ్మా?"

"ఎనిమిది నుంచి సార్."

"నాకొక మాట చెప్పొచ్చు కదా."

"చెబితే మీరు పైకి రాస్తారు సార్."

ఆయన ఆగి నవ్వాడు. నవ్వితే ఆయాసం ఎక్కువైంది, అయినా నవ్వాడు. "రేపటి నుంచి ఎవరికైనా చెప్పు. నేను పిలుస్తాండా. అందరినీ."

ఆ తర్వాత నేను గమనించిన సంగతి ఒకటుంది. ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు. ఆమె గట్టు మీద అరవడం మానేసింది. చేలోకి దిగి, మనిషి దగ్గరికి పోయి, మామూలు గొంతుతో చెప్పేది. "సార్ పిలుస్తాండాడు." నిజం చెప్పేటప్పుడు అరవాల్సిన పని లేదని ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలియదు.

పదో తరగతి పరీక్షలు నా ముందు బెంచీలోనే రాసింది, అంచున కూర్చుని. పాసైంది. ఆ ఎండాకాలంలోనే వాళ్ళ కుటుంబం డోన్ పక్కకు పోయిందన్నారు. తర్వాత ఏమైందో తెలియదు. ఆళ్లగడ్డ బస్సెక్కిన ప్రతిసారీ శిరివెళ్ల దాటాక కిటికీ వైపు జరుగుతాను. ఎవరి కోసమో నాకు తెలుసు.

ఇదంతా గుర్తొచ్చాక గ్రూపులో ఒక వాక్యం రాసి పంపాను. 'పిల్లల్ని అడిగారా?' ఎవరో నవ్వే బొమ్మ పెట్టారు. 'చిన్నపిల్లలు కదా మేడం, వాళ్ళకేం తెలుసు' అని బడి నుంచి జవాబు వచ్చింది. పాపను అక్కడ ఏమైనా అంటారేమోనని భయం వేసింది. అయినా పంపింది చెరపలేదు.

మరుసటి పొద్దున జడలు వేస్తూ పాపనే అడిగాను. సెలవులు అట్లా మారిస్తే నీకు ఎట్లా ఉంటుందని. మామూలుగా అయితే అది నోరు తెరిచేలోపే నేనే జవాబు చెప్పేస్తాను. ఈసారి రిబ్బను పళ్ళ మధ్య పెట్టుకుని ఆగాను. పాప అద్దంలో నన్ను చూసింది.

"మేము చెబితే వాళ్ళు వింటారా అమ్మా?"

రిబ్బను నోట్లోంచి తీశాను.

"వినాల కదా" అన్నాను.

అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. ఆటో హారను కొడుతున్నా ఆపలేదు.